అమ్మని రానివ్వని ఇల్లు

మస్కట్ వెళ్దామన్న ఆలోచన నాదేనని కొన్నాళ్ళు గర్వపడ్డాను.

దసరా సెలవులకి ఎక్కడికైనా వెళ్దామని మొదలుపెట్టింది మాత్రం మా ఆయన. ఆయన సామర్లకోట స్టేషన్‌లో రైల్వే క్లర్కు. నేను అదే ఊళ్ళో చిన్నపిల్లల బడిలో టీచర్ని. పెళ్ళయిన దగ్గర్నుంచి మా ప్రయాణాలన్నీ వైజాగ్ దాకా వెళ్ళి వెనక్కి తిరిగేవి. "ఎప్పుడూ ఆ బీచేనా? ఒక్కసారి విమానం ఎక్కుదాం. పాప కూడా అడుగుతోంది" అన్నారు. సింగపూర్ అన్నారు, బ్యాంకాక్ అన్నారు. చివర్లో మాటవరసకి అన్నట్టు, "మస్కట్ అయితే హైదరాబాద్ నుంచి దగ్గరేనంట. సముద్రం ఒడ్డునే ఊరు. అత్తయ్యగారికి తెలిసిన చోటు కూడా" అన్నారు.

ఆ మాట నేను పట్టేసుకున్నాను.

మా అమ్మ మస్కట్‌లో ఒక అరబ్బుల ఇంట్లో పనిమనిషిగా ఇంచుమించు ఇరవయ్యేళ్ళు ఉంది. మా వైపు అదేం వింత కాదు. ఏ పేటకి వెళ్ళినా ఒకరిద్దరు ఆడవాళ్ళు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటారు. మా నాన్న పోయిన మరుసటేడు, నేను రెండో తరగతిలో ఉండగా అమ్మ వెళ్ళింది. నన్ను కడియం పక్కనున్న పల్లెలో అమ్మమ్మ పెంచింది. అమ్మమ్మ నర్సరీల్లో కూలికి వెళ్ళేది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నల్ల కవర్లలో మట్టి నింపి మొక్కలు నాటేది. అమ్మ రెండు మూడేళ్ళకొకసారి నెల్లాళ్ళు సెలవు మీద వచ్చి వెళ్ళేది. ఆమె పంపిన డబ్బుతోనే నేను చదువుకున్నాను. అది నేనెప్పుడూ కాదనలేదు.

అమ్మ గిన్నెలు తోమిన ఊళ్ళో అమ్మ కుర్చీలో కూర్చోవాలి, ఎవరో వచ్చి కాఫీ ఇవ్వాలి. నా కోరిక అంతే. బడిలో తోటి టీచర్లకి కూడా ఆ మాటే చెప్పాను. "ఎంత మంచి మనసండీ మీది!" అన్నారు వాళ్ళు. అమ్మకి చెబితే "ఎందుకే అంత దూరం?" అంది. కానీ ఆ సాయంత్రమే బీరువా తీసి పట్టుచీరకి ఇస్త్రీ చేసుకుంది. ఊరు చూసి వచ్చేదానికి పట్టుచీర ఎందుకని నాకు తట్టలేదు. మా ఆయన కాకినాడ వెళ్ళి కాజాల డబ్బాలు తెచ్చి పెట్టెలో సర్దారు. "ఇన్నెందుకండీ?" అంటే, "హోటల్లో పాపకి ఆకలేస్తేనో" అన్నారు.

ఆ ఇంటి గురించి నాకు చిన్నప్పట్నుంచీ తెలిసింది ఒక్కటే. అమ్మ పాస్‌పోర్టు వాళ్ళ దగ్గర ఉండిపోయింది. వాళ్ళు ఇస్తేగానీ అమ్మ రాలేదు.

నేను ఇంటర్ చదువుతుండగా అమ్మమ్మ పోయింది. పొద్దున్న పనికి బయల్దేరబోతూ గుమ్మంలో కూలబడింది. రాజమండ్రి ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయింది. మా చర్చిలో పెద్దాయన ఒకాయన ఎస్టీడీ బూత్ నుంచి మస్కట్‌కి ఫోన్ చేశారు. కూతురు వస్తుందని అమ్మమ్మని ఐసు మీద ఉంచారు. నేను అరుగు మీద కూర్చుని రోడ్డు వైపే చూశాను. ఆటో చప్పుడు వినపడితే లేచేదాన్ని. మర్నాడు ఆ పెద్దాయనే వచ్చి నా తల మీద చెయ్యి వేసి, "మీ అమ్మకి పాస్‌పోర్టు ఇవ్వం అంటున్నారంటమ్మా ఆ ఇంటివాళ్ళు. ఇంక ఆగి లాభం లేదు" అన్నారు. సమాధుల తోటలో మట్టి మొదట నా చేత వేయించారు. వేయాల్సిన మనిషి రాలేదు కాబట్టి.

ఆ రోజు నుంచి ఆ ఇంటి కోసం ప్రార్థన చేయడం మొదలుపెట్టాను. 'ప్రభువా, ఆ ఇంటివాళ్ళ మనసు కరిగించు, మా అమ్మని వదిలేలా చెయ్యి' అని. మేనత్త ఇంట్లో ఉన్నప్పుడు, హాస్టల్లో ఉన్నప్పుడు, టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు కూడా ఆ ప్రార్థన మానలేదు. నాకు పెళ్ళి కుదిరిన ఏడాది అమ్మ ఇంక వెళ్ళనని వచ్చేసింది. నా ప్రార్థన ఫలించిందనుకున్నాను. మా చర్చి స్త్రీల సమాజంలో అమ్మ నిలబడి, ఆ చెర నుంచి దేవుడు తనని ఎలా విడిపించాడో సాక్ష్యం చెప్పింది. ఆడవాళ్ళందరూ కళ్ళు తుడుచుకున్నారు. నేనైతే వెక్కివెక్కి ఏడ్చాను.

మస్కట్‌లో దిగిన రోజు అమ్మ నాకు కొత్తగా కనిపించింది.

మా ఇంట్లో అమ్మ పెద్దగా మాట్లాడదు. టీవీ ముందు కూర్చుంటుంది, పాప జడ వేస్తుంది, ఆదివారం చర్చికి వస్తుంది. వంట జోలికి రాదు. "ఇరవయ్యేళ్ళు వండి వండి విసుగొచ్చిందే" అంటుంది. నేనూ ఎప్పుడూ చెయ్యమనలేదు. అలాంటి మనిషి విమానాశ్రయం బయట ట్యాక్సీ అతనితో అరబ్బీలో గడగడా మాట్లాడింది. అతను ఏదో అన్నాడు, అమ్మ పకపకా నవ్వింది. ఆ నవ్వు నేనెప్పుడూ వినలేదు. "ఏంటమ్మా, ఏమన్నాడు?" అంటే, "ఏం లేదే, ముసలోళ్ళ సంగతి" అని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఊరు శుభ్రంగా ఉంది. అన్నీ తెల్లటి ఇళ్ళే, అంత ఎత్తేమీ కావు. వాటి వెనకాల ఒక్క చెట్టు కూడా లేని కొండలు. మా గోదావరి దారుల్లో పచ్చదనం చూసిన కళ్ళకి ఆ కొండలు కాల్చిన ఇటుకల్లా కనిపించాయి. సాయంత్రం మత్రా అనే చోట సముద్రం ఒడ్డున నడిచాం. పడవలు, నీళ్ళలో దీపాలు, పక్కనే పాత బజారు. బజారు నిండా సాంబ్రాణి వాసన. ఏ సందు ఎటు పోతుందో అమ్మకి తెలుసు. ఒక కొట్టులో పాపకి గాజులు బేరమాడింది. ఇంకో కొట్టులో ఊయలకి కట్టే పూసల దండ కొంది. "ఎవరికి?" అన్నాను. "బాగుంది కదా అని" అంది. ఒక హోటల్లో సముద్రం వైపున్న బల్ల దగ్గర అమ్మని కూర్చోబెట్టి కాఫీ తెప్పించాను. తెచ్చినతను వంగి కప్పు పెట్టాడు. నేను ఫోటో తీశాను. నా కోరిక తీరింది.

మర్నాడు ఉదయం టిఫిన్ చేస్తుండగా మా ఆయన గొంతు సవరించుకుని, "ఇవాళ మధ్యాహ్నం ఒకళ్ళింటికి భోజనానికి వెళ్దాం. అత్తయ్యగారికి తెలిసినవాళ్ళు" అన్నారు.

"ఎవరు? మన తెలుగువాళ్ళా?"

"వెళ్ళాక చూద్దువుగాని" అన్నారు. అమ్మ అప్పటికే పట్టుచీర కట్టుకుని ఉంది.

హోటల్ ముందు ఒక పెద్ద తెల్లకారు ఆగింది. బురఖాలాంటి నల్లటి అబాయా వేసుకున్న ఒకమ్మాయి డ్రైవర్ సీట్లోంచి దిగింది. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయేమో. ఏడు నెలల గర్భిణి. ఆ ఒంటితో పరిగెత్తుకొచ్చి మా అమ్మని కావలించుకుంది.

"అమ్మా! ఏమే, ఇలా చిక్కిపోయావేంటే? బువ్వ తినట్లేదా?"

తెలుగు. మా గోదావరి తెలుగు. ఏదో నాలుగు మాటలు నేర్చుకున్నట్టు కాదు, మా అమ్మ నోట్లోంచి ఊడిపడ్డట్టు ఉంది. ఆ రాగం, ఆ 'ఏంటే'.

అమ్మ ఆ అమ్మాయి మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, "నీ మొహం మండ, ఈ కడుపేసుకుని నువ్వు కారు నడపడమేంటే?" అని తిట్టింది. తిడుతూ ఏడ్చింది.

ఆ అమ్మాయి నా వైపు తిరిగి, "అక్కా" అంది. వచ్చి నన్నూ పట్టుకుంది. నా చేతులు లేవలేదు. తర్వాత మా ఆయన వైపు తిరిగి, "రావే, కారెక్కవే" అంది. పాప పడీపడీ నవ్వింది. ఆ అమ్మాయికి తెలుగు నేర్పింది మా అమ్మ ఒక్కతే. మా అమ్మ తన చంటిపిల్లతో ఎలా మాట్లాడిందో ఆ భాష ఒక్కటే ఆమెకి వచ్చు. అండీ, గారూ ఆమె ఎప్పుడూ వినలేదు. ప్రపంచంలో అందరూ ఆమెకి 'ఏమే', 'రావే'.

మా ఆయన ఏమీ ఆశ్చర్యపోకుండా ముందు సీట్లో కూర్చున్నారు. ఒళ్ళో కాజాల డబ్బాలు.

ఆ ఇల్లు నేను ఊహించుకున్న ఇల్లు కాదు. నేను ప్రార్థన చేసేటప్పుడు నా కళ్ళ ముందు ఎత్తైన గోడలు, ఇనుప తలుపు, ఎప్పుడూ అరుస్తుండే ఒక లావుపాటి మనిషి, ఇవే ఉండేవి. ఇక్కడ గుమ్మం పక్కన కుండీలో కరివేపాకు మొక్క ఉంది. గుమ్మంలో ఆ అమ్మాయి తల్లి నిలబడి ఉంది. పెద్ద బడికి హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయిందట. ఆవిడ మా అమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి తన పక్కన కూర్చోబెట్టుకుంది. నాతో ఇంగ్లీషులో, "నేను కన్నానంతే. పెంచింది మీ అమ్మగారే. మీకు మేము చాలా ఋణపడి ఉన్నాం" అంది. మర్యాద గల మనిషి. అలాంటి మనిషిని ద్వేషించడం ఎలాగో నాకు తెలియలేదు.

ఆ అమ్మాయి ఇల్లంతా చూపించింది. అమ్మ ఉన్న గది తన గది పక్కనే. పేరుకే అది అమ్మ గది, తను పెద్దయ్యేదాకా అమ్మ పక్కలోనే పడుకుందట. గోడ మీద ఫోటోలు. ఒకదాంట్లో ఆ పిల్ల బడి వార్షికోత్సవంలో ఏదో వేషం వేసుకుని నిలబడింది. పక్కన ఆకుపచ్చ చీరలో మా అమ్మ. మా బడి వార్షికోత్సవాలకి అమ్మమ్మ వచ్చేది. మట్టి చేతులు కడుక్కుని, పరుగున వచ్చి, వెనక నిలబడేది.

"మీ అమ్మని నువ్వేమని పిలుస్తావు?" అని పాప అడిగింది ఆ అమ్మాయిని.

"మామా అంటా. ఈమెని అమ్మ అంటా" అంది. "నన్ను నువ్వు పిన్నీ అనాలే. తెలుసా?"

"పిన్నీ" అంది పాప వెంటనే.

భోజనానికి అందరం కింద తివాచీ మీద కూర్చున్నాం. పెద్ద పళ్ళెంలో వాళ్ళ మాంసం పలావు. దాని పక్కన ఒక గిన్నెలో చేపల పులుసు. బెండకాయ ముక్కలేసి, చిక్కగా, మా వైపు చేసినట్టే. "అమ్మ నేర్పింది. ప్రతి శుక్రవారం మా ఇంట్లో ఇదే" అంది ఆ అమ్మాయి. నేను ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. చాలా బాగుంది. మా అమ్మ చేతి పులుసు ఎలా ఉంటుందో ఆ ఇంట్లో, వేరే మనిషి వండగా, తెలుసుకున్నాను.

ఆమె మాట్లాడుతూనే ఉంది. తెలుగు మాట్లాడ్డానికి మనిషి దొరక్క ఎన్నాళ్ళయిందో పాపం. తనకి తట్టు పోసినప్పుడు అమ్మ ఏం చేసిందీ, పరీక్ష తప్పినప్పుడు ఎలా దాచిపెట్టిందీ అన్నీ చెప్పింది. ఆ వరసలోనే అది కూడా చెప్పింది.

"అక్కా, నీకు తెలుసు కదా, అమ్మమ్మ చచ్చిపోయినప్పుడు ఏమైందో? నాకు జొరం. ఫోన్ వచ్చింది. అమ్మ గోడకి తల కొట్టుకుంది. మా బాబా, అదే మా నాన్న, వెంటనే వెళ్ళి టికెట్ తెచ్చాడు. అదే రోజు ఫ్లైటు. అమ్మ పెట్టె సర్దేసింది. కారు కూడా వచ్చేసింది. నేనేం చేశానో తెలుసా? తలుపుకి అడ్డంగా పడుకున్నా. నువ్వెళ్తే నేను బువ్వ తిననే, చచ్చిపోతానే అన్నా. అమ్మ అక్కడే చాలాసేపు నిలబడింది. తర్వాత పెట్టె విప్పేసింది." ఆమె కళ్ళు తుడుచుకుని నవ్వింది. "నా కోసం ఆగిపోయింది. అంతిష్టం నేనంటే."

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ పళ్ళెంలో చేప ముళ్ళు ఏరుతోంది. తల ఎత్తలేదు.

నేను ఆ ఇంట్లో ఒక్క మాట కూడా తేడాగా మాట్లాడలేదు. హల్వా తిన్నాను. చిన్న కప్పుల్లో ఇచ్చిన కాఫీ తాగాను. గేటు దాకా వచ్చి ఆ అమ్మాయి నా చెయ్యి తన కడుపు మీద పెట్టుకుని, "తంతోంది చూడు" అంటే, నిజంగానే తన్నింది. "జాగ్రత్తమ్మా" అన్నాను. అబద్ధం కాదు. ఆ పిల్ల తప్పేముంది? ఎనిమిదేళ్ళ పిల్ల ఏడ్చింది. పదిహేడేళ్ళ పిల్ల కూడా ఏడ్చింది. ఎవరి ఏడుపు అమ్మకి ఎదురుగా ఉందో ఆ ఏడుపు విందన్నమాట, అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే అమ్మ ఒక్కతే సముద్రం ఒడ్డుకి వెళ్తే నేనూ వెనకాలే వెళ్ళాను. చల్లగా ఉంది. ఎవరో అరబ్బు ముసలాయన వడివడిగా నడుచుకుంటూ మమ్మల్ని దాటుకుని వెళ్ళాడు. అమ్మ ఒక సిమెంటు బల్ల మీద కూర్చుంది. నేను నిలబడే అడిగాను.

"పాస్‌పోర్టు వాళ్ళ దగ్గర లేదా?"

"లేదు."

"మరి ఎక్కడుండేది?"

"నా పెట్టెలోనే. బట్టల కింద."

ఆ మాట అంత తేలిగ్గా చెబుతుందనుకోలేదు. ఎప్పటికైనా అడుగుతానని ఎదురు చూస్తోందేమో.

"అమ్మమ్మ పోయిందమ్మా. నీ కన్నతల్లి. ఐసు మీద పెట్టి నీ కోసం చూశాం."

"పోయిన మనిషి దగ్గరికి వచ్చి నేనేం చేస్తానే?"

"నేనున్నాను కదా. నేను పోలేదు కదా."

అమ్మ నీళ్ళ వైపు చూస్తూ, "నేనంటే నీకు కొత్త. నువ్వు ఎనిమిదో తరగతిలో ఉండగా వచ్చాను. నా పక్కన పడుకోవే అంటే అమ్మమ్మ దగ్గరికి పోయావు. 'అమ్మమ్మా, వాళ్ళు టీ తాగుతారేమో అడుగు' అన్నావు. నన్ను, వాళ్ళు అన్నావు. నెల్లాళ్ళూ అంతే. తిరిగి ఇక్కడికొస్తే అది గేటు పట్టుకుని నిలబడుంది. నాలుగేళ్ళ పిల్ల. నేనొచ్చేదాకా సరిగా తిండి తినలేదంట" అంది.

"అది నా తప్పా?"

"నీ తప్పనలేదే. అయిందేదో చెబుతున్నాను."

"ఇంతమందికి అబద్ధం ఎందుకు చెప్పావు? చర్చిలో నిలబడి, దేవుడి పేరు పెట్టి?"

"రాలేదంటే ఎందుకు రాలేదో చెప్పాలి కదా. ఫోన్లో నోటికొచ్చింది అనేశాను. తర్వాత అందరూ అదే అన్నారు. అయ్యో పాపం అన్నారు. ఇంక ఎలా విప్పను?"

నాకు ఇంకొకటి గుర్తొచ్చింది. ముందు రోజు భోజనాల దగ్గర ఆ అమ్మాయి తను లండన్‌కి చదువుకి వెళ్ళిన సంవత్సరం చెప్పింది. అది నా పెళ్ళయిన సంవత్సరం. ఆ పిల్ల వెళ్ళి ఆ ఇల్లు ఖాళీ అయిపోతే అమ్మ మా దగ్గరికి వచ్చింది.

"నువ్వొచ్చేసింది నా పెళ్ళికి కాదా?"

అమ్మ నా మొహంలోకి చూసింది. "పెళ్ళికీ వచ్చాను" అంది.

నేను పిల్లలకి తెలుగు చెప్పే టీచర్ని. ఆ 'పెళ్ళికీ'లో దీర్ఘం చాలు నాకు. ఇంకేమీ అడగలేదు. ఏడుపు రాలేదు. అన్నేళ్ళు నేను ప్రార్థన చేసింది తాళం వేయని ఇంటి గురించి.

గదికి వచ్చాక మా ఆయన్ని అడిగాను. పాప స్నానం చేస్తోంది.

"మీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"ఆ అమ్మాయి సంగతా? ఒక ఏడాదిగా. నువ్వు బడికెళ్ళాక వీడియో కాల్ చేస్తుంది. నాకు నైట్ డ్యూటీ అయి ఇంట్లో ఉన్నప్పుడు ఓసారి విన్నాను. ముందు నేనూ కంగారుపడ్డాను. కడుపుతో ఉంది, ఒక్కసారి చూడాలనుందండీ అని అత్తయ్యగారు ఏడ్చారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే వచ్చేదానివా?"

"వచ్చేదాన్ని కాదు."

"అందుకే" అన్నారు. తర్వాత మెల్లగా, "ఆ టికెట్ సంగతి మాత్రం నాకూ తెలీదు. పాప మీద ఒట్టు" అన్నారు.

అది నిజమే అయ్యుంటుంది. కానీ నా ఇంట్లో, నేను బడిలో ఎక్కాలు చెబుతున్న వేళ, నా మంచం పక్కన కూర్చుని నా తల్లి ఇంకో కూతురితో మాట్లాడుతుంటే, నా భర్త ఫోన్ చార్జింగ్ పెట్టి ఇస్తున్నాడు. నేను ఇంటికి రాగానే ఇద్దరూ మామూలుగా టీవీ చూస్తున్నారు. అమ్మ చేసినదానికి కనీసం ఒక సాకు దొరుకుతుంది, మనిషి కష్టంలో ఉంది అని. ఈయన మీద కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మస్కట్ అని నా నోటితోనే అనిపించాడు. టీచర్లందరి దగ్గరా నా మంచి మనసు గురించి నేనే చెప్పుకున్నాను.

ఆ రోజు మిగిలిన ఊరు చూశాం. పెద్ద మసీదు చూశాం, పాప ఇసకలో ఆడింది. ఫోటోల్లో అందరం నవ్వుతూనే ఉన్నాం.

ఇంటికి వచ్చాక నేను అమ్మతో పోట్లాడలేదు. మాట్లాడడం తగ్గిపోయింది, అంతే. కాఫీ ఇచ్చేదాన్ని, మందులు ఇచ్చేదాన్ని. ఒక ఆదివారం ఉదయం వంటింట్లోకి వచ్చి, "ఇవాళ చేపలు తెప్పించవే, పులుసు పెడతాను" అంది. "వద్దులే అమ్మా, నీకు విసుగు కదా" అన్నాను. చాకుతో గీసినట్టు అమ్మ మొహం మారిపోయింది. అలా అన్నందుకు నాకు సంతోషమూ కలగలేదు, బాధా కలగలేదు.

ఆ నెల స్త్రీల సమాజంలో పాస్టరమ్మగారు నన్ను పక్కకి పిలిచారు. "ఆ ఇంటివాళ్ళు కనబడ్డారా అమ్మా? మీ అమ్మగారిని అంత ఏడిపించారు కదా, ఇప్పుడైనా ఒక మాట అన్నారా?" అని అడిగారు. చుట్టూ నలుగురు చేరారు. అమ్మ కొంచెం దూరంలో చాప మీద పాటల పుస్తకం తెరిచి కూర్చుంది. పేజీ తిప్పడం ఆపేసింది.

చెప్పేయాలని నోటి దాకా వచ్చింది. అరుగు మీద నేను కూర్చున్న రోజుని చూసి, తర్వాత మా పల్లె నుంచి ఈ ఊరు వచ్చినవాళ్ళు అందులో ఇద్దరున్నారు.

"మంచివాళ్ళేనండి. భోజనం పెట్టారు. మర్యాదగా చూశారు" అన్నాను.

"దేవుడు మనసు మార్చాడన్నమాట" అన్నారు పాస్టరమ్మగారు. అమ్మ పేజీ తిప్పింది. ఆమెని కాపాడాలని అలా అనలేదు. నా అమ్మ నా కోసం రాలేదన్న సంగతి నలుగురి నోళ్ళలో పడడం నాకే ఇష్టం లేకపోయింది.

క్రిస్మస్ వెళ్ళాక ఆ అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. ఆ మాట అమ్మే స్వయంగా, నా ఎదురుగా కూర్చుని చెప్పింది. ఇప్పుడు ఫోన్ నేనుండగానే మోగుతోంది. "రమ్మంటోందే. బిడ్డకి నూనె రాసి నీళ్ళు పోయడం అక్కడెవరికీ రాదంట. వీసా పంపుతానంటోంది" అంది.

"నన్నడుగుతున్నావా, చెబుతున్నావా?"

అమ్మ ఆలోచించింది. "అడుగుతున్నాను. నువ్వు వద్దంటే వెళ్ళను" అంది.

వద్దనొచ్చు. అంటే ఆగిపోయేది కూడా. ఆగిపోయి, టీవీ ముందు కూర్చుని, ఆ ఊరి వైపు చూస్తూ ఉండేది. అలా ఆగిన మనిషి నాకెందుకు? తలుపుకి అడ్డంగా పడుకునే వయసు కాదు నాది.

"వెళ్ళు" అన్నాను.

మా ఆయనే హైదరాబాద్ దాకా వెళ్ళి ఎక్కించి వస్తానన్నారు. ఆయనతో మాటలు మళ్ళీ మామూలయ్యాయి గానీ, ఆయన ఏదైనా ఊరి పేరు తేలిగ్గా అంటే ఇప్పుడు నేను ఒక క్షణం ఆగి ఆయన మొహం చూస్తాను. ఆయనకీ అది తెలుసు. రైలు వచ్చేలోపు సామర్లకోట ప్లాట్‌ఫారం మీద బల్ల మీద అందరం కూర్చున్నాం. అమ్మ పాపకి జడ వేస్తోంది, గాలికి రిబ్బను నిలవట్లేదు. రైలు వచ్చింది. అమ్మ మెట్టు ఎక్కబోతూ వెనక్కి తిరిగి నా చెయ్యి పట్టుకుంది. ఏదో చెప్పబోయింది. వెనకున్నవాళ్ళు "జరగండమ్మా, జరగండి" అని తోశారు. ఎక్కేసింది.

కిటికీలో అమ్మ మొహం దాటిపోయాక పాప అడిగింది, "అమ్మమ్మ ఎప్పుడొస్తుంది?"

"తెలీదమ్మా" అన్నాను. "వేసవిలో వస్తానంది. వస్తే వస్తుంది."

పాప ఆ జవాబుతో సరిపెట్టుకుంది. బయట ఆటో మాట్లాడుకుని ఇంటికి వెళ్ళాం.